ఉలికిపాటు

మన దేహమున జరుగు చర్యలు రెండు విధములు. వ్రాయుట, నడచుట, పలుకుట మొదలగునవి మన యిచ్ఛకు లోబడి జరుగును. కంటిలో దుమ్ము పడినపుడు ఱెప్ప మూతపడుట, నిప్పు తగిలినపుడు చేయి వెనుకకు వచ్చుట మొదలగునవి మన యనుమతి కోరకయే జరుగును. ఈ రెండవ తెగ చర్యలకు శాస్త్రజ్ఞులు అసంకల్పిత ప్రతీకార చర్యలని పేరిడిరి. వీనిలో అందఱకును అనుభవమున నున్నదియు, అయినను మిక్కిలి అపార్థమునకు గురియైనదియు నగు చర్య ఉలికిపాటు.

అర్ధరాత్రమున రేకుల కప్పుపై తాటిపండు పడినను, పెండ్లి యూరేగింపులో చెవిప్రక్కనే టపాకాయ ప్రేలినను, సైకిలు చక్రము పగిలినను పెద్దలు పిన్నలు అను భేదము లేక త్రుళ్ళిపడుదురు. అట్లు త్రుళ్ళిపడిన వానిని జూచి ప్రక్కవారు నవ్వి, పిరికివాడందురు. తరగతిలో ఏదేని వస్తువు పోయినపుడు, ఎవరు తీసితిరని ఉపాధ్యాయుడు గద్దింపగా, ఉలికిపడిన బాలునిపైకి అందఱి చూపులు మరలును. గుమ్మడికాయల దొంగ యనగా భుజములు తడవుకొన్నాడను సామెత వెంటనే నోటికి వచ్చును. ఉలికిపాటు పిరికితనమునకు గుర్తని ఒక యభిప్రాయము. అపరాధమునకు గుర్తని మఱియొక యభిప్రాయము. ఈ రెండింటిలో నెంత నిజము కలదో విచారించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ముందుగా ఉలికిపాటునందు దేహమున నేమి జరుగునో చూతము. 1939వ సంవత్సరమున అమెరికాదేశపు మనశ్శాస్త్రజ్ఞులైన కార్నీ లాండిస్, విలియం హంట్ అను వారు ఈ విషయమును గూర్చియే యొక గ్రంథమును ప్రకటించిరి. వారు మనుష్యులయొద్ద ఆకస్మికముగా పిస్తోలు ప్రేల్చి, అతివేగముగా బొమ్మలు తీయు యంత్రముతో వారి చలనములను చిత్రించి, ఆ బొమ్మల నొక్కొక్కటిగా పరీక్షించిరి. మొట్టమొదట కనుఱెప్పలు మూతపడును. పెదవులు ప్రక్కలకు లాగబడును. తల ముందునకు వంగును. భుజములు పైకి లేచి ముడుచుకొనును. మోచేతులు వంగి పిడికిళ్ళు బిగియును. పొట్ట బిగిసి నడుము వంగును. మోకాళ్ళు కొంచెము మడతపడును. ఇదియంతయు కన్నుమూసి తెఱచునంతలో జరిగి ముగియును. కన్ను, మెడ, పొట్ట మన దేహమున మెత్తని తావులు. ఆకస్మికముగా మీద పడబోవు దెబ్బనుండి వానిని కాచుకొనుటకే దేహ మిట్లు ముడుచుకొనునని పలువురు శాస్త్రజ్ఞులు తలచుచున్నారు.

ఆ పరీక్షలలో ఒక విశేషము కనబడినది. నిత్యము తుపాకి ప్రేల్చుట వృత్తిగా గల పోలీసువారిని పరీక్షించినపుడు, వారిలో ఇతర చలనములు తగ్గినవి గాని ఱెప్పపాటు మాత్రము మానలేదు. తుపాకి ప్రేలుడునకు అలవాటుపడిన వీరులే కన్నుమూయక నిలువలేనపుడు, కన్నుమూసిన బాలుని పిరికివాడనుట యెట్లు న్యాయమగును?

సుప్రసిద్ధ ప్రకృతి శాస్త్రజ్ఞుడగు ఛార్లెస్ డార్విన్ సహితము ఈ విషయమున ఓడిపోయినవాడే. మనుష్యులయు జంతువులయు భావప్రకటనమును గూర్చి 1872లో తాను ప్రకటించిన గ్రంథమున ఆయన తన యనుభవము నొకదానిని చెప్పియున్నాడు. లండను జంతుప్రదర్శనశాలలో ఆఫ్రికాదేశపు విషసర్ప మొకటి దళసరి గాజుపలక వెనుక నుండెను. ఆయన తన ముఖమును ఆ పలకకు దగ్గఱగా నుంచి, పాము కాటువేయవచ్చినను వెనుకకు జరుగకూడదని గట్టిగా నిశ్చయించుకొనెను. పాము కొట్టిన క్షణముననే ఆ నిశ్చయము మాయమై, ఆయన గజము రెండు గజముల దూరము వెనుకకు దుమికెను. గాజుపలక అడ్డముగా నున్నదని ఆయన బుద్ధికి తెలియును. కాని దేహము బుద్ధి నడుగలేదు.

దేహము బుద్ధి నేల అడుగలేదు? కాలము చాలదు గనుక. ఈ సంగతిని విద్యార్థులు ఒక అడుగుబద్దతో తామే పరీక్షించి చూడవచ్చును. స్నేహితుడు బద్దను నిలువుగా పట్టుకొని చెప్పకుండ విడువవలెను. మీరు దాని క్రింది కొనయొద్ద వ్రేళ్ళు తెఱచియుంచి, పడుచుండగా పట్టుకొనవలెను. ఎంత చుఱుకైనవాడు పట్టినను, బద్ద సుమారు 15 మొదలు 20 సెంటీమీటర్లు జారకపోదు. పడు వస్తువులను గూర్చిన సూత్రము ప్రకారము లెక్కించినచో, దీనికి పట్టిన కాలము సెకనులో ఐదవ వంతునకు కొంచెము తక్కువ. చూచి, తెలిసికొని, కదలుటకు మనకు ఇంత కాలము కావలెను. పెద్ద చప్పుడునకు ఱెప్ప కదలుటకు పట్టు కాలమో, సుమారు సెకనులో 25వ వంతు. ఆ కాలమున బద్ద యొక సెంటీమీటరైనను జారదు. ఎలుకలలో కాలి కండరము సెకనులో వెయ్యవ వంతులు ఎనిమిది గడచునప్పటికే కదలుట మొదలిడునని కొలిచియున్నారు.

ఇంత వేగమునకు కారణము మార్గము చిన్నదగుటయే. చెవినుండి వచ్చిన నాడి మెదడు కాండమున నున్న కొన్ని పెద్ద నాడీకణములకు వార్త నందించును. అవి తమ పొడవైన తంతువుల ద్వారా ఆ వార్తను వెన్నుపామునకు పంపును. వెన్నుపాము కండరముల కాజ్ఞ యిచ్చును. అమెరికాలో మైకేల్ డేవిస్ అను శాస్త్రజ్ఞుడును ఆయన తోడివారును 1982లో ఎలుకలయందు ఈ దారిని వివరించిరి. ఆలోచనకు స్థానమైన పెద్దమెదడు ఈ దారిలో లేదు. తాలూకా కచేరీకి కాగితము పోయి ఉత్తరువు వచ్చువఱకు ఆగక, గండి పడిన కాలువగట్టున ఊరివారే మట్టి వేసినట్లు, దేహము తన పని తాను చేసికొనును. బుద్ధికి వార్త తరువాత చేరును. ఉలికిపడిన పిమ్మట "ఓహో, తాటిపండేనా" అని మనము నవ్వుకొనుట అందువలననే.

ఉలికిపాటునకు చప్పుడు పెద్దదైన చాలదు. ఆకస్మికము గూడ కావలెను. ఏలూరు స్టేషనులో నిలిచినవారికి దూరమునుండి వచ్చు రైలు చప్పుడు క్రమక్రమముగా హెచ్చి, చెవులు గింగురుమనునంత పెద్దదగును. ఎవ్వరును ఉలికిపడరు. అదివఱకే నిలిచియున్న ఇంజను ఒక్కసారిగా కూతపెట్టినచో ప్లాటుఫారముమీది వారందఱు త్రుళ్ళిపడుదురు. చప్పుడు ఎంత పెద్దదనుటకంటె ఎంత త్వరగా పెరిగెననుటయే ఇచట ప్రధానము. పెద్ద చప్పుడునకు సెకనులో పదవ వంతు ముందుగా చిన్న చప్పుడొకటి వినబడినచో ఉలికిపాటు చాల తగ్గును. చిన్న హెచ్చరిక యైనను దేహమునకు మేలుచేయునని దీనివలన తెలియుచున్నది.

ఇక జంతువుల సంగతి. దీనికి మనము దూరదేశములకు పోనక్కఱలేదు. కొల్లేటి యొడ్డున నిలిచిన చాలును. నీటిలో నిలుకడగానున్న చేపల గుంపు ప్రక్క చిన్న రాయి వేసినచో గుంపంతయు మెఱుపువలె చెదరిపోవును. చేప మెదడు వెనుకభాగమున కుడి యెడమల ఒక్కొక్కటి చొప్పున రెండు మిక్కిలి పెద్ద నాడీకణములు గలవు. 1859లో వీనిని వర్ణించిన లుడ్విగ్ మౌత్నర్ అను వైద్యుని పేరనే వీనిని మౌత్నరు కణములందురు. కుడివైపున చప్పుడైనచో కుడి కణము పనిచేసి ఎడమప్రక్క కండరముల నొక్కసారిగా ముడుచును. చేప విల్లువలె ఎడమకు వంగి, చప్పుడునకు దూరముగా దూసికొనిపోవును. సెకనులో నూఱవ వంతునకు కొంచె మెచ్చుతగ్గుగా ఈ వంపు మొదలగును. శాస్త్రజ్ఞులు దీనిని హెచ్చుగా పరీక్షించినది బంగారుచేపలలో. మన శీలావతి, బొచ్చెలు గూడ ఆ కుటుంబమునకు చెందినవే. రొయ్య పద్ధతి వేఱు. అది తోకను పొట్టక్రిందికి చటుక్కున మడచి వెనుకకు ఎగురును. దానికి గూడ ఇందుకై లావైన నాడీతంతువులు ప్రత్యేకముగా నున్నవి. తంతువు లావైన కొలది వార్త వేగముగా పోవును.

ఈ ఉలికిపాటును కనిపెట్టి దానితో జీవించు ప్రాణులు గూడ గలవు. కొల్లేటిలో చిన్న తెల్లకొంగను చూడుడు. దాని కాళ్ళు నల్లనివి, పాదములు మాత్రము పసుపుపచ్చనివి. అది లోతులేని నీటిలో ఒక పాదమును వణకించుచు బురదను కలచును. దాగియున్న చిన్న చేపలు, పురుగులు బెదరి కదలును. కదలినది కొంగ ముక్కునకు చిక్కును. ఆగ్నేయాసియా నీళ్ళలో నున్న మూతిపై మీసములుగల పాము ఒకటి ఇంతకంటె జాణ. అది ఎరకు పొంచియున్నపుడు మెడను వంచియుంచును. చేప దగ్గఱకు రాగానే మెడభాగముతో నీటిని కొంచెము కదలించును. చేప ఆ కదలికకు బెదరి ఎదుటి ప్రక్కకు దూకును. ఆ ప్రక్కనే పాము నోరు సిద్ధముగా నుండును. కెన్నెత్ కటానియా అను శాస్త్రజ్ఞుడు 2009లో దీనిని వేగచిత్రములతో నిరూపించెను. ఆలోచింపని చర్య లక్ష సారులు ప్రాణమును కాచును, ఒక్కొక్కసారి మోసపోవును.

ప్రతి చప్పుడునకు చెదరుచుండినచో ఏ ప్రాణియు తిండి తినజాలదు. కావున ప్రకృతి యీ చర్యకు ఒక కళ్ళెము గూడ నేర్పాటు చేసినది. కొల్లేటి చుట్టును నున్న చేపలచెఱువుల కాపరులకు ఇది చక్కగా తెలియును. కొంగలు, నీరుకాకులు, గూడబాతులు చెఱువుపై వ్రాలినపుడు టపాకాయ కాల్చినచో తొలినాడు పక్షులన్నియు లేచిపోవును. కొన్నిదినములు గడచునప్పటికి అవే పక్షులు చప్పుడునకు తలయెత్తి చూచి మరల చేపలను పట్టుకొనుచుండును. చేలగట్లపై డబ్బా వాయించుట, దిష్టిబొమ్మను నిలుపుట మొదలగువాని గతియు నిదియే. హాని కలిగింపని చప్పుడు మాటిమాటికి వినబడినచో దేహము దానిని లెక్కచేయుట మానును. దీనినే అలవాటుపడుట యందుము. చప్పుడును, చోటును, వేళను మార్చుచున్నచో పక్షులు మరల బెదరును. నేర్చుకొనుటలో నెల్ల మిక్కిలి సులభమైన విధము ఇదియే. ఎరిక్ కాండెల్ అను శాస్త్రజ్ఞుడు సముద్రపు నత్తయందు ఇట్టి అలవాటును పరీక్షించి, ఒక నాడీకణము తరువాతి కణమున కందించు రసాయనము క్రమముగా తగ్గుటయే దీనికి కారణమని చూపెను. నాడీమండలమును గూర్చిన పరిశోధనములకు ఆయన 2000వ సంవత్సరపు నోబెల్ బహుమానములో భాగము నందెను.

అయితే చప్పుడు వెంట నొప్పియు వచ్చినచో సంగతి తారుమారగును. అట్టిచో ప్రాణి అలవాటుపడదు. ఉలికిపాటు నానాటికి హెచ్చును. 1951లో జడ్సన్ బ్రౌనును ఆయన తోడివారును ఎలుకలకు ఒక గుర్తును చూపి, వెంటనే విద్యుత్తుతో చిన్న బాధ కలిగించుచు వచ్చిరి. పిమ్మట బాధ యేమియు లేకున్నను, ఆ గుర్తు ఎదుటనున్నపుడు చప్పుడు చేసినచో, ఎలుకలు మామూలుకంటె హెచ్చుగా ఎగిరిపడెను. మెదడులో బాదముగింజ ఆకారముగల అమిగ్డలా అను భాగము భయమును గుర్తించి, ఉలికిపాటు దారిలోని కణములను ముందుగానే ఎగదోయుచుండునని తరువాత తెలిసినది. మనుష్యులు చీకటిలో నున్నపుడు హెచ్చుగా ఉలికిపడుదురు. రాత్రి సంచరించు ఎలుకలు పెద్ద వెలుతురులో నున్నపుడు హెచ్చుగా ఉలికిపడును. ఎవరి భయము వారిది. మనకు ప్రియమైన బొమ్మను చూచుచున్నపుడు చప్పుడైనచో ఱెప్పపాటు బలహీనముగను, భయంకరమైన బొమ్మను చూచుచున్నపుడు బలముగను ఉండునని గూడ కొలిచిరి.

కావున ఉలికిపడుట స్వభావము. ఎంత యెక్కువగా ఉలికిపడుదుమను మాట మనమున్న చోటు భద్రమా, భయావహమా యను దానిపై చాలవఱకు ఆధారపడును. యుద్ధములు ఈ సత్యమును లోకమునకు కఠినముగా బోధించినవి. మొదటి ప్రపంచయుద్ధమున ఫిరంగుల మధ్య నెలల కొలది గడపిన సైనికులు ఇండ్లకు వచ్చిన పిమ్మట తలుపు చప్పుడునకు సహితము నేలకు వ్రాలుచుండిరి. 1915లో ఛార్లెస్ మయర్స్ అను వైద్యుడు అట్టి రోగులను గూర్చి వైద్యపత్రికలో వ్రాసెను. మొదట కొందఱు వారిని పిరికిపందలనిరి. అది మనస్సునకు తగిలిన గాయమని నేడు వైద్యులందఱు ఒప్పుకొనుచున్నారు. మితిమీరిన ఉలికిపాటు దాని లక్షణములలో నొకటి. మన సీమయు యుద్ధమునకు బొత్తిగా దూరము గాదు. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపానువారి విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసినవి. తాడేపల్లిగూడెపు విమానమైదానము ఆ యుద్ధకాలమున ఏర్పడినదే. యుద్ధమే కానక్కఱలేదు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనవంటిదానిని కన్నులార చూచినవాడు, గాలి హోరునకు రాత్రులందు దిగ్గున లేచి కూర్చున్నచో, వానిని నవ్వదగునా? వాని దేహము ఇంకను కాపలా కాయుచున్నది.

తల్లులకు ఉపయోగించు సంగతి యొకటి చెప్పవలసియున్నది. పసిబిడ్డ నిద్రలో ఉలికిపడి చేతులు చాచినచో దిష్టి తగిలినదనియు, గ్రహము సోకినదనియు తాయెత్తులు కట్టు ఆచారము మన పల్లెలలో కలదు. జర్మనీదేశపు హైడల్‌బర్గులో శిశువైద్యుడుగా నుండిన ఎర్నెస్ట్ మోరో 1918లో, శిశువు పండుకొన్న తలగడను ఇరుప్రక్కల చఱచినచో బిడ్డ చేతులు చాచి, మరల దగ్గఱకు తెచ్చుకొనుటను వర్ణించెను. ఆరోగ్యవంతుడగు ప్రతి శిశువునందును ఇది కనబడును. నాలుగు మొదలు ఆఱు నెలలలో క్రమముగా పోవును. కావున ఉలికిపడు బిడ్డను గూర్చి భయపడనక్కఱలేదు. పెద్ద చప్పుడునకును ఉలికిపడని బిడ్డను గూర్చియే జాగ్రత్తపడవలెను. ఆ బిడ్డకు చెవులు వినబడుచున్నవో లేవో వైద్యునిచే పరీక్ష చేయింపవలెను. చేతులలో ఒకటి మాత్రమే కదలినచో, కదలని చేతి నరమునకో యెముకకో పుట్టుకవేళ దెబ్బ తగిలియుండవచ్చును. చెవుడును తొలినెలలలో కనుగొన్నచో బిడ్డకు మాటలు నేర్పుటకు మార్గము లేర్పడును. ఏండ్లు గడచిన పిమ్మట కష్టము.

కొందఱియందు ఉలికిపాటు వ్యాధిరూపమున నుండును. వెన్నుపామునందు గ్లైసిన్ అను పదార్థము కండరముల కాజ్ఞ యిచ్చు కణములకు కళ్ళెమువలె పనిచేయుచున్నది. మన యడవులలో పెరుగు ముషిణి చెట్టు గింజలలోని విషము ఈ కళ్ళెమును తెంచును. అందుచేత ఆ విషము తిన్నవారికి చిన్న చప్పుడే దేహమంతయు కొయ్యబాఱునట్లు చేయును. ధనుర్వాతపు విషము గ్లైసిన్ వెలువడకుండ అడ్డుపడును. ఆ రోగిని చీకటిగదిలో నిశ్శబ్దముగా నుంచుట అందుకే. కొన్ని కుటుంబములలో ఈ కళ్ళెము పుట్టుకతోనే వదులు. గ్లైసిన్‌ను అందుకొను భాగమును నిర్మించు జన్యువునందలి లోపమే దీనికి కారణమని 1993లో కనుగొనిరి. అట్టి బిడ్డలు చప్పుడునకు బిగుసుకొని పడిపోవుదురు. వారికి మందు గలదు. ధైర్యము నేర్పబోవుట మందు గాదు.

ఇప్పుడు మొదట వేసికొన్న ప్రశ్నకు ఉత్తరము చెప్పవచ్చును. ఉలికిపాటు బుద్ధికి వార్త చేరకముందే ముగియు చర్య గనుక, దానిలో పిరికితనము గాని ధైర్యము గాని లేదు. ధైర్యమనునది ఉలికిపడిన పిమ్మట మనము చేయు పనిలో నున్నది. గద్దింపునకు ఉలికిపడుట అపరాధమునకు గుర్తును గాదు. గద్దింపు చప్పుడే దానికి చాలును. ఇంటను బడిలోను దెబ్బలు తిన్న బాలుడు నిరపరాధియైనను, దొంగిలించి నిబ్బరముగా నిలిచినవానికంటె హెచ్చుగా ఉలికిపడును. దొంగను పట్టుకొనుటకు భుజములు తడవుకొనుటను సాక్ష్యముగా గొనువాడు, ఒక్కొక్కసారి గాయపడినవానినే శిక్షించును.

ఉపాధ్యాయవృత్తిలో నున్న మాకు ఈ శాస్త్రము నేర్పు పాఠము గూడ చిన్నది గాదు. బెత్తముతో బల్లపై కొట్టి తరగతిని నిశ్శబ్దము చేయు పద్ధతిని మన మెఱుగుదుము. బల్లపై చప్పుడే గాని వేఱు హాని లేకున్నచో, పిల్లలు కొల్లేటి కొంగలవలె వారము దినములలో అలవాటుపడుదురు. పిమ్మట ఎంత కొట్టినను తలయెత్తరు. చప్పుడు తరువాత దెబ్బయు పడుచున్నచో, వారు బ్రౌను ఎలుకలవలె నానాటికి హెచ్చుగా ఉలికిపడుదురు. చెవులు బెత్తమువైపే నుండును గాని పాఠమువైపు రావు. మొదటి దారిలో బెత్తము వ్యర్థము. రెండవ దారిలో హానికరము. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము 17వ సెక్షనున శారీరక దండనమును నిషేధించినది. చట్టము చెప్పకముందే నాడీశాస్త్రము ఈ మాట చెప్పియున్నది.

విద్యార్థులు గూడ ఒక సంగతి గమనింపవలెను. వెనుకనుండి వచ్చి చెవిలో అఱచుట, కూర్చున్నవాని ప్రక్కన టపాకాయ కాల్చుట మీకు వినోదముగా నుండవచ్చును. వసతిగృహమున ఎవ్వడు ఎక్కువగా ఉలికిపడునో వానినే మరల మరల బెదరించుట చూచుచున్నాము. నీటిపామునకు చేప యెట్లో మీకు వా డట్లు చిక్కుచున్నాడు. దానిలో మీ నేర్పేమియు లేదు. ఉలికిపడు స్నేహితుని దగ్గఱకు పోవునపుడు కొంచెము ముందుగా పేరుపెట్టి పిలువుడు. చిన్న హెచ్చరిక ఉలికిపాటును తగ్గించునని పైన చదివితిరి గదా. భయము లేని చోట దేహము తన కాపలాను తానే సడలించును. అట్టి చోటుగా మన తరగతులను, వసతిగృహమును చేయుట ఉపాధ్యాయులమగు మాచేతిలో సగము, మీచేతిలో సగము నున్నది.